పాత ఇంటి సెంట్రల్ ఏసీ: బాగు చేయించాలా, మార్చాలా?

డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఇర్వింగ్, రిచర్డ్‌సన్, కారల్టన్ లాంటి ఊళ్లలో 1970లు, 80లలో కట్టిన ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. చెట్లు పెద్దవి, పెరడు విశాలం, ధర కూడా కొత్త ఇళ్లకంటే కాస్త చేతికి అందేలా ఉంటుంది. ఇలాంటి ఇంట్లో చేరిన రెండు మూడేళ్లకు ఏదో ఒక జులై సాయంత్రం ఏసీ చల్లబరచడం మానేస్తుంది. సరిగ్గా అప్పుడే అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటారు. ఇంట్లో 88 డిగ్రీలు (ఇక్కడి లెక్కలన్నీ ఫారెన్‌హీట్‌లోనే). చంటిపిల్ల ఏడుస్తుంటుంది. వచ్చిన టెక్నీషియన్ పది నిమిషాలు చూసి "మొత్తం సిస్టమ్ మార్చాలి, ఇవాళే సంతకం పెడితే రేపు బిగించేస్తాం" అంటాడు. ఆ టెన్షన్‌లో పదిహేను వేల డాలర్ల నిర్ణయం ఇరవై నిమిషాల్లో జరిగిపోతుంది.

ఆ ఇరవై నిమిషాలు రాకముందే మీరు ఏం చూసుకోవాలో, ఏం అడగాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను. వీటన్నిటి వెనక ఉన్న మాట ఒక్కటే: పెరట్లో కనిపించే పెట్టె ఏసీలో సగమే. మిగతా సగం అటకలో ఉంది, మన కంటికి కనిపించదు. పాత ఇళ్లలో జబ్బు ఎక్కువగా ఉండేది ఆ కనిపించని సగంలోనే.

ముందు మీ మెషీన్ వయసు, సైజు, గ్యాస్ తెలుసుకోండి

ఫోన్ తీసుకుని బయట ఉన్న యూనిట్ దగ్గరికి వెళ్లండి. దాని ఒంటి మీద ఒక రేకు పలకో స్టిక్కరో ఉంటుంది. ఎండకు వెలిసిపోయి ఉంటే టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా పట్టి చూడండి, అక్షరాలు తేలతాయి. ఫొటో తీసి పెట్టుకోండి. అందులో మూడు సంగతులు కావాలి.

మొదటిది తయారైన సంవత్సరం. కొన్నిటి మీద నెల, సంవత్సరం నేరుగా ఉంటాయి, కొన్నిటికి సీరియల్ నంబర్‌లో దాగి ఉంటాయి. కంపెనీ పేరు, సీరియల్ నంబర్ పట్టుకుని ఆన్‌లైన్‌లో వెతికితే రెండు నిమిషాల పని.

రెండోది సైజు. మోడల్ నంబర్ మధ్యలో 024, 030, 036, 042, 048, 060 లాంటి అంకెలు కనిపిస్తాయి. అవి గంటకు లాగేసే వేడి, వేల బీటీయూల్లో (బీటీయూ అంటే వేడికి కొలత). 12 వేల బీటీయూలు ఒక టన్ను కాబట్టి 048 అంటే నాలుగు టన్నులు. ఈ టన్ను లెక్క మంచుగడ్డల కాలం నాటిది. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరిగితే ఎంత వేడి లాగేస్తుందో అంత చల్లదనం అన్నమాట.

మూడోది గ్యాస్ రకం. ఆర్-22 అనో హెచ్‌సీఎఫ్‌సీ-22 అనో ఉంటే మీది పాతతరం మెషీన్. ఆర్-410ఏ ఉంటే మధ్యతరం. ఆర్-454బీ, ఆర్-32 ఇప్పటివి. ఈ ఒక్క గీత మీద మీ నిర్ణయం సగం ఆధారపడుతుంది, కిందికి వెళ్లాక ఎందుకో చెబుతాను.

ఇలాగే లోపలి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద, ఫర్నేస్ (చలికాలం ఇంటిని వేడి చేసే మెషీన్) మీద ఉన్న పలకలు కూడా ఫొటో తీయండి. పాత ఇళ్లలో మునుపటి యజమాని బయటి యూనిట్ ఒక్కటే మార్చి, లోపలి కాయిల్ పాతదే ఉంచేయడం మామూలు. రెండింటి టన్నులూ కలవకపోతే ఆ విషయం మీకు టెక్నీషియన్ కంటే ముందే తెలిసి ఉండాలి.

ఎవరినీ పిలవకముందు మీరే చూడాల్సినవి

ఫిల్టర్ తీసి వెలుతురుకి పట్టండి. అవతలి వెలుగు కనిపించకపోతే మార్చాల్సిందే. పక్కవాళ్ల ఇంట్లో మూడు నెలలు వచ్చే ఫిల్టర్ మన ఇంట్లో అన్నాళ్లు రాదు. రోజూ పోపు వేస్తాం, వేపుళ్లు చేస్తాం, దేవుడి దగ్గర దీపం, అగరొత్తులు వెలిగిస్తాం. ఆ నూనె ఆవిరి, పొగ అన్నీ వెళ్లి అతుక్కునేది ఫిల్టర్‌కీ, దాన్ని దాటితే కాయిల్‌కీ. అంగుళం మందం ఫిల్టర్ అయితే నెలకోసారి చూడండి. వంట చేసేటప్పుడు పొయ్యి పైన ఫ్యాన్ వేయండి, అదీ గాలిని బయటికి పంపే రకం అయి ఉండాలి. ఇంకో పొరపాటు, దుమ్ము బాగా ఆపుతుందని అంగుళం మందంలోనే మరీ దట్టమైన ఫిల్టర్ పెట్టడం. పాత బ్లోయర్ (గాలిని తోసే ఫ్యాన్) దానిలోంచి గాలి లాగలేదు. మెర్వ్ 8 చాలు (ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్ము ఆపుతుందో చెప్పే అంకె మెర్వ్). అంతకంటే మంచిది కావాలంటే నాలుగంగుళాల మందం ఫిల్టర్ పట్టే పెట్టె చేయించుకోవాలి.

తర్వాత లోపలి కాయిల్ నుంచి వచ్చే లావు రాగి గొట్టం చూడండి. దాని మీద మంచు కట్టి ఉంటే థర్మోస్టాట్‌లో కూలింగ్ ఆపేసి, ఫ్యాన్ మాత్రం ఆన్‌లో పెట్టి నాలుగైదు గంటలు వదిలేయండి. మంచు కట్టడానికి కారణం మామూలుగా రెండే: గాలి సరిగ్గా ఆడకపోవడం, లేదా గ్యాస్ తక్కువ కావడం. మంచు కరగకుండా టెక్నీషియన్‌ను పిలిచినా అతను ఏమీ కొలవలేడు, మీకు విజిట్ ఫీజు దండగ.

థర్మోస్టాట్ తెర ఖాళీగా ఉంటే భయపడకండి. చాలాసార్లు అది నీళ్ల గొడవ. కాయిల్ మీద చేరిన తేమ ఒక పీవీసీ గొట్టంలోంచి బయటికి పోవాలి. ఆ గొట్టం పాచి పట్టి మూసుకుపోతే నీళ్లు ట్రేలో నిండుతాయి, అక్కడున్న ఫ్లోట్ స్విచ్ ఏసీని ఆపేస్తుంది. గొట్టం బయటి చివర తడి వాక్యూమ్ క్లీనర్ పెట్టి, సందుల్లో గుడ్డ చుట్టి రెండు నిమిషాలు లాగండి. బంక లాంటి పాచి ఊడి వస్తుంది. వేసవిలో నెలకోసారి కప్పుడు వెనిగర్ పోస్తే మళ్లీ పట్టదు. మన ఇళ్లలో ఏదైనా కిటికీ పైన, చూరు కింద చిన్న గొట్టం బయటికి పొడుచుకుని ఉంటుంది, గమనించండి. దానిలోంచి నీళ్లు కారుతుంటే అసలు గొట్టం మూసుకుపోయిందని, అత్యవసర ట్రే నిండుతోందని అర్థం. మీ కంట పడాలనే దాన్ని కిటికీ మీద పెడతారు. దాన్ని పట్టించుకోకపోతే తర్వాత తడిసేది సీలింగ్.

బయటి యూనిట్‌కి పవర్ తీసి, మామూలు నీళ్ల పైపుతో కాయిల్ కడగండి. ప్రెషర్ వాషర్ వద్దు, పల్చటి రేకులు వంగిపోతాయి. చుట్టూ రెండడుగుల మేర మొక్కలు, తీగలు కొట్టేయండి.

యూనిట్ గుర్రుమంటూ ఉండి ఫ్యాన్ తిరగకపోతే మాత్రం అక్కడితో ఆగండి. అది చాలావరకు కెపాసిటర్, అంటే మోటార్ కదలడానికి ఊతమిచ్చే భాగం. పవర్ తీసేసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది, ప్రాణానికే ప్రమాదం. యూట్యూబ్ చూసి చేయి పెట్టవద్దు.

ఒక థర్మామీటర్‌తో మీరే పరీక్ష చేయండి

పది పదిహేను డాలర్లకు దొరికే వంటింటి డిజిటల్ థర్మామీటర్ చాలు. ఏసీ పావుగంట ఆగకుండా నడిచాక, గాలి లోపలికి పీల్చుకునే రిటర్న్ గ్రిల్ దగ్గర ఒకసారి, యూనిట్‌కి దగ్గరగా చల్లగాలి వచ్చే వెంట్ దగ్గర ఒకసారి కొలవండి. తేడా 16 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే మెషీన్ తన పని తాను చేస్తోంది. 12, 13 దగ్గరే ఆగిపోతే గ్యాస్ తగ్గడమో, కంప్రెసర్ నీరసించడమో, బయటి కాయిల్ మురికో కారణం కావచ్చు. 25 దాటితే గాలి తక్కువగా ఆడుతోంది.

తర్వాత అన్నిటికంటే దూరంగా ఉన్న గదిలో వెంట్ దగ్గర కొలవండి. దగ్గరి వెంట్‌లో 57 ఉండి, చివరి గదిలో 66 ఉంటే మధ్యలో తొమ్మిది డిగ్రీలు ఎక్కడికి పోయాయి? అటకలోకి. ఈ అంకెను రాసి పెట్టుకోండి.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. "ఏసీ బయటి ఎండ కంటే ఇరవై డిగ్రీలే తగ్గించగలదు" అని టెక్నీషియన్లే అంటుంటారు. ఆ ఇరవై ఇప్పుడు మీరు కొలిచిన తేడా, అంటే కాయిల్‌కి ముందు గాలికీ, తర్వాత గాలికీ మధ్యది. బయటి ఎండతో దానికి సంబంధం లేదు. బయట 104 ఉన్నా సరిగ్గా కుదిరిన ఏసీ ఇంటిని 76 దగ్గర నిలబెట్టగలదు. అలాగని 108, 109 ఉన్న రోజు సాయంత్రం రెండు మూడు డిగ్రీలు పైకి పాకితే అది జబ్బు కాదు. ఇక్కడి ఏసీలను సుమారు 100 డిగ్రీల ఎండను లెక్కలోకి తీసుకుని ఎంచుతారు. 2011లో డాలస్‌లో 71 రోజులు వంద దాటింది, అలాంటి ఏడాదిలో ఏ మెషీనైనా రోజంతా ఆగకుండా తిరుగుతుంది. అది తిరగడం తప్పు కాదు, తిరుగుతూ కూడా చల్లబరచకపోవడం తప్పు.

ఏ రిపేరు చేయించాలి, ఏది మానాలి

కెపాసిటర్, కాంటాక్టర్ (బయటి యూనిట్‌కి కరెంటు కలిపే స్విచ్), థర్మోస్టాట్, డ్రెయిన్ గొట్టం: మెషీన్‌కి ఎన్నేళ్లున్నా ఇవి బాగు చేయించండి. టెక్సస్‌లో కాంటాక్టర్ పాడవడానికి విచిత్రమైన కారణం ఫైర్ యాంట్స్ అనే ఎర్ర చీమలు. ఆ స్విచ్ మధ్యలో దూరి చచ్చి పేరుకుపోతాయి, స్విచ్ కలవదు. అలాంటి పదిహేను డాలర్ల కారణానికి పదిహేను వేల పరిష్కారం చెప్పేవాళ్లూ ఉంటారు. మా ఇంటికి ఒకసారి వచ్చిన అతను కంప్రెసర్ కాలిపోయిందన్నాడు. నేను "మీటర్‌లో రీడింగ్ చూపించండి" అన్నాను. చూపించలేదు. మర్నాడు వేరే అతను వచ్చి, పైభాగం ఉబ్బిన కెపాసిటర్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. 45 మైక్రోఫారడ్‌లు ఉండాల్సింది మీటర్‌లో 11 చూపించింది. కొత్తది వేశాక అదే కంప్రెసర్ ఇంకో మూడు వేసవులు నడిచింది. అందుకే ఎవరు ఏది పాడైందన్నా "రీడింగ్ చూపించండి" అని మర్యాదగానే అడగండి. నిజాయితీగా పనిచేసేవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

ఫ్యాన్ మోటార్, బ్లోయర్ మోటార్ అయితే పన్నెండు పదమూడేళ్ల లోపు మెషీన్‌కి చేయించవచ్చు. కంప్రెసర్ వారంటీ దాటి పోయిందంటే చేయించవద్దు, ఆ డబ్బు కొత్తదానిలో పెట్టండి.

మెషీన్ వయసును రిపేరు ఖర్చుతో హెచ్చవేసి 5,000 దాటితే మార్చేయమని ఒక లెక్క అందరూ చెబుతారు. 12 ఏళ్ల మెషీన్‌కి 600 డాలర్ల రిపేరు అంటే 7,200, కాబట్టి మార్చాలట. నేను దీన్ని అంత నమ్మను. ఆరు వందలతో ఇంకో నాలుగేళ్లు వచ్చే మెషీన్‌ని పారేయడం దండగ. పాడైన భాగం ఏది, గ్యాస్ ఏది అన్నదే అసలు ప్రశ్న.

గ్యాస్ అయిపోవడం అనేది లేదు

హైదరాబాద్‌లో, విజయవాడలో ఏటా వేసవికి ముందు గ్యాస్ కొట్టించడం మనకు అలవాటు. అక్కడైనా ఇక్కడైనా సంగతి ఒకటే: ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉంది. ఎక్కువసార్లు అది లోపలి కాయిల్‌లో ఉంటుంది. ఇంట్లో వాడే రసాయనాల ఆవిరికి రాగి లోపల చీమల పుట్టలో దారుల్లాగా సన్నటి సొరంగాలు పడతాయి, కంటికి కనపడవు.

ఒకసారి కొద్దిగా నింపించుకుని వేసవి గట్టెక్కవచ్చు. రెండో ఏడూ నింపాలంటే ఆగి ఆలోచించండి. మీ పలక మీద ఆర్-22 ఉంటే మార్చడమే మేలు. 2010 నుంచి దాన్ని నింపిన కొత్త మెషీన్లు లేవు, 2020 జనవరి 1 నుంచి అమెరికాలో ఆ గ్యాస్ తయారీ, దిగుమతి కూడా ఆగిపోయాయి. ఉన్నది పాత నిల్వ, పాత మెషీన్ల నుంచి తీసి శుద్ధి చేసినది. అందుకే పౌండ్‌కి చెప్పే ధర గుండెలదిరేలా ఉంటుంది. ఆర్-410ఏ ఉండి మెషీన్‌కి పదేళ్లు దాటకపోతే కాయిల్‌కి కంపెనీ వారంటీ ఉందేమో సీరియల్ నంబర్‌తో అడగండి. భాగం ఉచితంగా వచ్చినా కూలీ, గ్యాస్ మీ మీదే పడతాయి, అయినా లాభమే. ఆర్-410ఏతో ఇళ్ల ఏసీల తయారీ 2025 జనవరి 1తో ఆగింది, కానీ ఉన్నవాటికి గ్యాస్ దొరుకుతుంది. "మీ గ్యాస్ బ్యాన్ అయింది, రేపటి నుంచి సర్వీసే ఉండదు" అని ఎవరైనా భయపెడితే నమ్మకండి.

కొత్త గ్యాస్‌లు ఆర్-454బీ, ఆర్-32 కొద్దిగా మండే గుణం ఉన్నవి. వంట గ్యాస్‌తో పోల్చుకుని కంగారు పడొద్దు, అంటుకోవడం చాలా కష్టం. జాగ్రత్త కోసం లోపలి కాయిల్ దగ్గర లీకును కనిపెట్టే సెన్సర్ పెడతారు. పాత కాయిల్ ఉంచి బయట మాత్రం కొత్తది పెడతానంటే కుదరదు, ఒప్పుకోకండి.

అటక ఎక్కండి

ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య ఎక్కండి. మధ్యాహ్నం అక్కడ 130 డిగ్రీలు దాటుతుంది, కళ్లు తిరిగి పడిపోతారు. చెక్క దూలాల మీదే కాలు వేయాలి, మధ్యలో వేస్తే సీలింగ్‌లోంచి కింది గదిలోకి దిగబడతారు. మాస్క్ పెట్టుకోండి. 1980కి ముందు ఇల్లయితే డక్టుల (చల్లగాలిని గదులకు మోసే గొట్టాల) జాయింట్ల మీద గుడ్డ లాంటి తెల్ల టేపు గానీ, నేల మీద మెరిసే గులకరాళ్లలాంటి వర్మిక్యులైట్ గానీ కనిపిస్తే ముట్టుకోవద్దు. వాటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పరీక్ష చేయించాకే ఎవరైనా అక్కడ పని మొదలుపెట్టాలి.

మేం కొన్నప్పుడు మా ఇంట్లో ఐదు టన్నుల యూనిట్ ఉండేది. అంతకు ముందు నాలుగు టన్నులదట. చివరి పడకగది చల్లబడట్లేదని పాత యజమాని పెద్దది పెట్టించాడు. మాకు అర్థమయ్యేసరికి ఏడాది పట్టింది. హాల్లో ఏడెనిమిది నిమిషాలు చలి పుట్టేలా గాలి కొట్టి ఆగిపోయేది. రిటర్న్ గ్రిల్ ఈల వేసినట్టు మోగేది. డబ్బాలో మరమరాలు రెండు రోజులకే మెత్తబడేవి, అప్పడాలు వేయించి పెడితే భోజనాల వేళకే సాగిపోయేవి. తేమ కొలిచే చిన్న మీటర్ కొని పెడితే 63 శాతం చూపించింది. అంత చేసినా ఆ చివరి గది 81 దగ్గరే ఉండేది. ఒకరోజు పొద్దున్నే అటక ఎక్కి ఆ గదికి వెళ్లే డక్టు వెంట పాకుతూ వెళ్లాను. సగం దూరంలో దాని మీద క్రిస్మస్ చెట్టు పెట్టె ఉంది. బరువుకి డక్టు చపాతీలా అణిగిపోయింది. పెట్టె తీసి, ఆ ముక్క మార్పించి, ఇంకో రెండుచోట్ల ఊడిన జాయింట్లు అతికించాక గది 76కి దిగింది. మొత్తం ఖర్చు ఐదు వందల లోపే. అంతకు ముందు పాత యజమాని అదే గది కోసం యూనిట్ మొత్తం మార్పించుకున్నాడు.

కాబట్టి అటకలో ఇవి చూడండి: అణిగిన, మెలిక పడిన, కిందికి వేలాడే ఫ్లెక్స్ డక్టులు. పైతొడుగు ఎండి పెళుసెక్కి లోపలి దూది బయటపడ్డవి. పెద్ద పెట్టెకు డక్టు కలిసే మూలలు. తడి చేయి దగ్గర పెడితే చల్లగా గాలి తగులుతుంది. మామూలు ఇళ్లలో డక్టుల్లో వెళ్లే గాలిలో 20 నుంచి 30 శాతం దారిలోనే పోతుందని ఎనర్జీ స్టార్ వాళ్ల లెక్క. జాయింట్లను మాస్టిక్ అనే చిక్కటి పూతతో అతికించాలి. గుడ్డ డక్ట్ టేపు పేరుకే డక్ట్ టేపు, అటక వేడికి రెండు మూడేళ్లలో ఊడిపోతుంది.

రిటర్న్ వైపు లీకు ఇంకా చెడ్డది, ఎందుకంటే అది అటకలోని వేడిగాలినీ, దుమ్మునూ లోపలికి పీలుస్తుంది. పాత ఇళ్లలో ఫర్నేస్‌ని నడవాలో అలమర లాంటి గదిలో చెక్క అరుగు మీద నిలబెట్టి, ఆ అరుగు కింది ఖాళీనే రిటర్న్‌గా వాడేవాళ్లు. ఆ అరుగు సందులు చాలాసార్లు అటకలోకీ, గోడల్లోకీ తెరుచుకుని ఉంటాయి. కింద గదిలో నిలబడి, ఫిల్టర్ గ్రిల్ అంచుల వెంట, ఆ అరుగు మూలల వెంట అగరొత్తి పొగ చూపించండి. పొగ ఎటు లాగితే అటు సందు ఉన్నట్టు. ఈ పరీక్ష కిందనే చేయాలి. అటకలో మాత్రం నిప్పు వద్దే వద్దు.

రిటర్న్ గ్రిల్ సైజు కూడా కొలవండి. టన్నుకు సుమారు 200 చదరపు అంగుళాల ఫిల్టర్ ఉంటే గాలి సుఖంగా ఆడుతుంది. మీది 20 బై 25 అయితే 500, అంటే రెండున్నర టన్నులకు సరిపడేది. దాని మీద నాలుగు టన్నుల మెషీన్ పెడితే మనిషి ముక్కు మూసుకుని పరుగెత్తినట్టే. కొత్త మెషీన్ పెట్టించే రోజే రెండో రిటర్న్ పెట్టించండి, మూడు నాలుగు వందలతో అయ్యే పని. ఖర్చు తగ్గుతుందని వాడని గదుల వెంట్లు మూసేసే అలవాటు ఉంటే అదీ మానండి, ఉన్న ఊపిరి ఇంకా బిగుస్తుంది.

మార్చాలని నిర్ణయించుకుంటే సైజు దగ్గర మోసపోకండి

ఐదు వందల చదరపు అడుగులకు ఒక టన్ను అనే లెక్క నోటితో చెప్పేస్తారు. పాత ఇంటికి ఎవరో ఒకరు కిటికీలు మార్చి ఉంటారు, అటకలో ఇన్సులేషన్ వేయించి ఉంటారు. అప్పుడు పాత సైజు ఎక్కువైపోతుంది. మాన్యువల్ జే అనే లెక్క ఉంది. గోడలు, కిటికీలు ఎటు తిరిగి ఉన్నాయి, పడమటి అద్దాలు ఎన్ని, ఇన్సులేషన్ ఎంత, ఇంట్లో ఎందరు, ఇవన్నీ కొలిచి వేస్తారు. కిటికీ ఒక్కటీ కొలవకుండా సైజు చెప్పినవాళ్ల కొటేషన్ పక్కన పెట్టండి. పెద్దది పెడితే మంచిదనుకోవద్దు, మా మరమరాల డబ్బా గుర్తు పెట్టుకోండి. తేమ లాగాలంటే మెషీన్ నిదానంగా, ఎక్కువసేపు నడవాలి.

ఎఫిషియెన్సీ సంగతి తొందరగా చెబుతాను. 2023 నుంచి మన దక్షిణ రాష్ట్రాల్లో 45 వేల బీటీయూల లోపు ఏసీకి కనీసం 14.3 సీర్2 (ఎంత కరెంటుకు ఎంత చల్లదనమో చెప్పే అంకె) ఉండాలి, అంతకంటే పెద్దవాటికి 13.8. పాత లెక్కలో అది దాదాపు 15 సీర్. పాత 10 సీర్ మెషీన్ నుంచి దీనికి మారితే ఏసీకి అయ్యే కరెంటు మూడో వంతు తగ్గుతుంది. అక్కడినుంచి 18, 20కి వెళ్లడానికి అడిగే నాలుగైదు వేలు డక్టుల మీద, ఇన్సులేషన్ మీద పెట్టడం నయం. చేతిలో డబ్బు ఉంటే అంకె కోసం కాకుండా, నిదానంగా నడిచే వేరియబుల్ స్పీడ్ సుఖం కోసం తీసుకోండి.

ఫర్నేస్ కూడా ఇరవై ఏళ్లు దాటితే రెండూ కలిపే మార్చండి. ఏసీ గాలిని తోసేది ఫర్నేస్‌లోని బ్లోయరే. పైగా పాత గ్యాస్ ఫర్నేస్‌లో హీట్ ఎక్స్ఛేంజర్ పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. పడకగదుల దగ్గర దాని అలారం పెట్టడం ఈ వారమే చేయండి.

కొటేషన్లు

వాట్సాప్ గ్రూపులో "మంచి ఏసీ అతను తెలిస్తే చెప్పండి" అని అడగడంలో తప్పు లేదు. కానీ వచ్చిన పేరుకి లైసెన్సు ఉందో లేదో చూడండి. టెక్సస్‌లో ఈ పనికి టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర శాఖ లైసెన్సు ఇస్తుంది. నంబర్ టీఏసీఎల్ఏ అనో టీఏసీఎల్‌బీ అనో మొదలవుతుంది, ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. గ్యాస్ ముట్టుకునే ప్రతి టెక్నీషియన్‌కి ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) 608 సర్టిఫికెట్ ఉండాలి. నగదు ఇస్తే రెండు వేలు తగ్గిస్తా, సిటీ పర్మిట్ అక్కర్లేదు అనేవాళ్ల జోలికి పోకండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు, వారంటీ అడిగేటప్పుడు ఆ రెండు వేలు ఎన్నింతలో అవుతాయి.

మూడు కొటేషన్లు తీసుకోండి. ప్రతిదాన్లో ఇవి రాతపూర్వకంగా ఉండాలి: బయటి యూనిట్, కాయిల్, ఫర్నేస్ మూడింటి పూర్తి మోడల్ నంబర్లు. మూడూ ఒకదానికొకటి జత అని చూపే ఏహెచ్ఆర్ఐ నంబర్. రాగి గొట్టాలు కొత్తవి వేస్తారా, పాతవే కడిగి వాడతారా అన్నది కూడా. ఆర్-22 కాలం గొట్టాల్లో పాత నూనె మిగిలి ఉంటుంది, మార్చగలిగితే మార్పించండి, గోడలో పాతుకుపోయి ఉంటే శుభ్రంగా ఫ్లష్ చేయించండి. కొత్త డ్రెయిన్ ట్రే, ఫ్లోట్ స్విచ్, పర్మిట్, లేబర్ వారంటీ ఎన్నేళ్లో కూడా. సున్నా వడ్డీ అంటే "మొత్తం ఒకేసారి ఇస్తే ఎంత?" అని విడిగా అడగండి. తేడా ఉంటే ఆ తేడాయే వడ్డీ. 2025లో కొన్నవాళ్లు చెప్పే ఫెడరల్ టాక్స్ క్రెడిట్ ఆ ఏడాది డిసెంబరు 31తో ముగిసిపోయింది, దాన్ని చూపించి ధర చెబితే ఒప్పుకోకండి.

ఇవన్నీ నింపాదిగా చేయాలంటే అక్టోబరు, నవంబరు గానీ, ఫిబ్రవరి, మార్చి గానీ మంచి కాలం. అప్పుడు వాళ్లకి పని తక్కువ, మీకు ఓపిక ఎక్కువ. జులైలోనే ఆగిపోయిందా? ముందు ఒక గదికి విండో ఏసీ కొనండి. మామూలు ప్లగ్గులో పెట్టే ఆరు నుంచి ఎనిమిది వేల బీటీయూలది పడకగదికి సరిపోతుంది. విండో యూనిట్లకు హెచ్ఓఏ (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోకపోతే పోర్టబుల్‌ది. పెద్దవాళ్లనీ పిల్లల్నీ ఆ గదిలో పడుకోబెట్టండి. కొన్ని వందల డాలర్లతో మీకు వారం రోజుల సమయం దొరుకుతుంది. ఆ వారంలో మూడు కొటేషన్లు వస్తాయి.

బిగించే రోజు ఇంట్లో ఉండండి

సెలవు పెట్టైనా ఉండండి. రాగి గొట్టాలు అతికేటప్పుడు లోపల నైట్రోజన్ పారించాలి, లేకపోతే లోపల మసి కడుతుంది. తర్వాత నైట్రోజన్ నింపి లీకు పరీక్ష. తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, తేమ లాగేయాలి. చేతిలో డిజిటల్ మైక్రాన్ మీటర్ (గొట్టాల్లో ఇంకా ఎంత గాలి, తేమ మిగిలాయో చూపేది) ఉందా అని చూడండి. అది 500 కిందికి దిగి, పంపు ఆపాక కూడా అక్కడక్కడే నిలబడాలి. ఇక్కడ తొందరపడి చేసిన పని రెండేళ్లకి కంప్రెసర్ మీద తేలుతుంది.

అంతా అయ్యాక ట్రేలో చెంబుడు నీళ్లు పోయించండి, ఫ్లోట్ స్విచ్ ఏసీని ఆపాలి. మీ థర్మామీటర్‌తో మళ్లీ అదే రెండుచోట్ల, చివరి గదిలో కూడా కొలవండి. పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. చివరి గది తేడా తగ్గకపోతే డక్టుల పని సరిగ్గా జరగలేదని అర్థం, వాళ్లు వెళ్లకముందే చెప్పండి. మిగతా డబ్బు సిటీ ఇన్‌స్పెక్షన్ పాసయ్యాక ఇస్తానని ముందే మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

ఆ రాత్రే కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబర్లతో రిజిస్టర్ చేయండి. చాలా కంపెనీలు 60 లేదా 90 రోజుల గడువు పెడతాయి. దాటితే పదేళ్ల పార్ట్స్ వారంటీ ఐదేళ్లకి పడిపోతుంది. బిగించినవాళ్లు చేస్తామంటారు, అయినా మీరే చేసి కన్ఫర్మేషన్ మెయిల్ దాచుకోండి. తర్వాత ఒక మార్కర్ తీసుకుని ఫర్నేస్ తలుపు లోపలి వైపు బిగించిన తేదీ, ఫిల్టర్ సైజు, ఆ రోజు మీరు కొలిచిన మూడు అంకెలు రాయండి. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ కొలిచి కిందనే రాయాలి, కాబట్టి కొంచెం చోటు వదలండి.